పట్నంలో అయిదు రోజుల ఇల్లు



పిల్లలకు సెలవులిచ్చారంటే చాలు, ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట. "ఈసారైనా ఎక్కడికన్నా వెళ్దామా?" అని. వెళ్ళేది కొండల్లోకో సముద్రం ఒడ్డుకో కానక్కర్లేదు. హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు లాంటి పట్నం చూసి రావడం కూడా పిల్లలకు పండగే. చూడవలసినవి ఏమిటో అందరూ చెబుతారు. ఎక్కడ దిగాలన్నదే అసలు చిక్కు. ఇవాళ ఆ చిక్కు గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

మన అమ్మల కాలంలో ఈ ప్రశ్నే లేదు. పట్నంలో పెదనాన్నగారో, మేనమామగారో ఉండేవారు. ట్రంకు పెట్టెతో, జంతికల డబ్బాతో వాళ్ళింట్లో దిగిపోవడమే. ఇప్పుడు ఆ చుట్టాలూ రెండు గదుల ఫ్లాటులోనే ఉంటున్నారు. ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు. ఏడుగురం ఒక్కసారి వెళ్ళి పడితే వాళ్ళకూ ఇబ్బందే, మనకూ మొహమాటమే. పోనీ హోటలా అంటే, మూడు గదులు తీసుకోవాలి. అత్తగారూ మామగారూ ఒక అంతస్తులో, పిల్లలు ఇంకో అంతస్తులో. రాత్రి పదింటికి మామగారికి పాలు కావాలంటే ఫోను చేసి, కుర్రాడు తెచ్చేదాకా కూర్చోవాలి.

అందుకే ఈమధ్య చాలా కుటుంబాలు రోజుల లెక్కన అద్దెకిచ్చే ఫ్లాట్లు తీసుకుంటున్నాయి. సర్వీస్ అపార్టుమెంటు అంటారు. రెండు మూడు పడక గదులు, ఒక హాలు, వంటిల్లు, బట్టలుతికే మిషను, అన్నీ ఉంటాయి. అందరూ ఒకే కప్పు కింద ఉండవచ్చు. వినడానికి ఎంత బాగుంది! కాని ఒక్క మాట. "వంటిల్లు కూడా ఉందిట" అని ఇంట్లో అందరూ సంతోషిస్తున్నప్పుడు, ఆ వంటింట్లో నిలబడేది ఎవరో ఒక్కసారి ఆలోచించండి. ఇల్లు విశాలంగా ఉంటే చాలదు. ఇల్లాలికి కూడా ఆ అయిదు రోజులూ సెలవు దొరికేలా ఆ ఇల్లు ఉండాలి. నా మటుకు నేను ఫ్లాటును ఎంచే కొలబద్ద అదే. దాన్ని దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటే చూద్దాం.

మాట తేలికగా అర్థం కావడానికి ఒక కుటుంబాన్ని అనుకుందాం. రాజమండ్రి వాళ్ళు. అత్తగారు, మామగారు, భార్యాభర్తలు, పదహారేళ్ళ అమ్మాయి, పదేళ్ళ అబ్బాయి, తోడుగా ఆడపడుచు. వెరసి ఏడుగురు. అయిదు రోజులు హైదరాబాదు చూడాలని బయల్దేరుతున్నారు.

ముందు చోటు సంగతి. ప్రకటనలో "1,200 చదరపు అడుగులు" అని వేస్తారు. అందులో గోడల మందం, మెట్లు, లిఫ్టు ముందరి వసారా వాటా అన్నీ కలిపి ఉండవచ్చు. దాన్నే సూపర్ బిల్టప్ అంటారు. లోపల మనం చాప పరుచుకోగలిగిన చోటు కార్పెట్ ఏరియా. 2016 నాటి స్థిరాస్తి చట్టం ఇళ్ళ అమ్మకానికి ఈ కార్పెట్ ఏరియానే లెక్కలోకి తీసుకోవాలంది. అద్దెకు తీసుకునేటప్పుడు కూడా మనం దాన్నే అడగాలి. అంతకన్నా సులువైన పని, గదుల కొలతలు అడగడం. పది అడుగులకు పన్నెండు అడుగుల గదిలో డబల్ కాట్ వేసి, బీరువా పెట్టాక, కింద ఒక్క పరుపుకే చోటుంటుంది. ఫొటోలు చూసి మోసపోకండి. మూల నుంచి తీస్తే చిన్న గది కూడా కల్యాణ మంటపంలా కనిపిస్తుంది. గది నుంచి గదికి నడుస్తూ తీసిన వీడియో పంపమనండి. నిజంగా అద్దెకిచ్చేవాళ్ళు పంపుతారు.

"ఎనిమిది మంది పడుకోవచ్చు" అని ఉంటే, ఎలా పడుకోవచ్చో అడగండి. చాలా చోట్ల ఆరుగురికి మంచాలు, ఇద్దరికి హాల్లో సోఫా కం బెడ్డు ఉంటుంది. మన ఏడుగురికీ రెండు పడక గదులు తీసుకున్నారనుకోండి. పెద్దవాళ్ళకు ఒకటి. ఆడపడుచుకూ అమ్మాయికీ ఒకటి. మిగిలిన ముగ్గురూ హాల్లో. అంటే, ఇల్లాలు అందరూ టీవీ కట్టేశాక పడుకోవాలి, అందరికన్నా ముందు లేచి పక్క తీసెయ్యాలి. సొంత ఇంట్లో ఉన్న గది కూడా లేకుండా పోయింది కదండీ! ఏడుగురికి మూడు పడక గదులు చూసుకోవడమే మేలు. డబ్బు సరిపోక రెండే తీసుకోవలసి వస్తే, హాలుకు తలుపు గాని కనీసం అడ్డుతెర గాని ఉందో లేదో కనుక్కోండి. హాల్లో రోజుకొకరు చొప్పున వంతులు వేసుకోండి.

ఇక స్నానాల గది. పట్నం వెళ్ళినవాళ్ళ పొద్దుటి పూట ఎలా గడుస్తుందో తేల్చేది ఇదే. మనిషికి పావు గంట వేసుకున్నా, ఒక్క స్నానాల గదే ఉంటే ఏడుగురికీ గంటా ముప్పావు. రెండు ఉంటే గంటలో అందరూ తయారు. వేణ్ణీళ్ళ లెక్క కూడా చూడండి. 15 లీటర్ల గీజరు, 2 కిలోవాట్లది, మామూలు నీళ్ళను 60 డిగ్రీలకు కాచడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. ఆ నీళ్ళలో చన్నీళ్ళు కలుపుకుంటే ఇద్దరికి రెండు బకెట్లు వస్తాయి. మూడో మనిషి మళ్ళీ కాచుకోవలసిందే. 3 లీటర్ల చిన్న గీజరు ఉంటే ధార సన్నగా వదలాలి, బకెట్టు నిండేసరికి ఓపిక పోతుంది. కాబట్టి గీజరు ఉందా అని అడిగి ఊరుకోకండి. ఎన్ని లీటర్లది, ఎన్ని ఉన్నాయి అని అడగండి. ఇంకో సంగతి. రెండు స్నానాల గదులూ పడక గదుల లోపలే ఉంటే, హాల్లో పడుకున్నవాళ్ళు అర్ధరాత్రి మామగారి గదిలోంచి నడిచి వెళ్ళాలి. ఒక్కటైనా హాల్లోకి తెరుచుకునేది ఉండాలి.

పెద్దవాళ్ళు వస్తుంటే మరి కొన్ని ప్రశ్నలు ఉన్నాయి. లిఫ్టు ఉందా? కరెంటు పోయినప్పుడు అది జనరేటరు మీద నడుస్తుందా? వీధి నుంచి లిఫ్టు దాకా ఎన్ని మెట్లు? లిఫ్టు ఉన్న భవనాల్లో కూడా గేటు దగ్గర అయిదారు మెట్లు ఉండడం కద్దు. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారికి ఆ అయిదు మెట్లే కొండలవుతాయి. కూర్చునే కమోడు ఉందా, పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉందా, స్నానాల గది నేల నున్నటి పలకలా, గరుకు పలకలా? కడ్డీ లేకపోతే ఒక ప్లాస్టిక్ స్టూలు పెట్టించమనండి. రబ్బరు చాప ఒకటి మీరే పట్టుకెళ్ళండి. రాత్రిపూట వెలిగే చిన్న బల్బు ఒకటి సంచిలో వేసుకోండి. కొత్త చోట, చీకట్లో, నిద్ర కళ్ళతో లేచినప్పుడే పెద్దవాళ్ళు తూలి పడతారు. తుంటి ఎముక విరిగితే ఆ యాత్ర ఆస్పత్రిలో ముగుస్తుంది.

ఇప్పుడు వంటింటి దగ్గరికి వద్దాం. "వంటిల్లుంది కదా, హోటలు ఖర్చు కలిసొస్తుంది" అంటారు శ్రీవారు. "నీ చేతి పప్పుచారు ముందు హోటలు భోజనం ఎందుకూ పనికిరాదు" అంటారు మామగారు. మెచ్చుకోలు బాగానే ఉంటుంది. కాని ఆ మెచ్చుకోలుతోనే ఇల్లాలు పొద్దున్న గోల్కొండకు బదులు గ్యాసుపొయ్యి ముందు నిలబడుతుంది. అందరూ తిరిగి వచ్చాక "నువ్వూ వస్తే బాగుండేది" అంటారు.

ఆ ఇంటి వంటింట్లో చెయ్యవలసినవి నాలుగే పనులని బయల్దేరే ముందే ఇంట్లో చెప్పెయ్యండి. కాఫీ, పాలు. పెద్దవాళ్ళకు మందు వేసుకునే ముందు తినే చిన్న ఫలహారం. కుక్కరులో అన్నం. ఫ్రిజ్జులో పెరుగు. అంతే. కూరలకు పట్నంలో కర్రీ పాయింట్లు ఉన్నాయి. హైదరాబాదులో వీధి వీధికీ కనిపిస్తాయి. పప్పు, వేపుడు, సాంబారు, పెరుగు పచ్చడి ఎంత కావాలంటే అంత పొట్లం కట్టిస్తారు. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు శ్రీవారు అవి పట్టుకొస్తే, అబ్బాయి బియ్యం కడిగి కరెంటు కుక్కరు మీట నొక్కితే, అమ్మాయి కంచాలు పెడితే, భోజనం అయిపోతుంది. పదేళ్ళవాడికి బియ్యం కడగడం రాదా? ఈ అయిదు రోజుల్లో నేర్చుకుంటాడు. చార్మినారు చూసినంత జ్ఞాపకం ఉంటుంది వాడికి.

గిన్నెలు ఎవరు తోముతారన్నది ఇంకా ముఖ్యం. ఫ్లాటు మాట్లాడుకునేటప్పుడే అడగండి. ఇల్లు తుడవడం రోజూనా, రోజు విడిచి రోజా? గిన్నెలు కూడా తోముతారా, అందుకు వేరే డబ్బా? దుప్పట్లు, తువ్వాళ్ళు మధ్యలో మారుస్తారా? రోజుకు కొంత ఎక్కువైనా సరే, పనిమనిషి వచ్చే ఇల్లే తీసుకోండి. ఆ డబ్బు దుబారా అని ఎవరైనా అంటే, హోటల్లో దిగితే గదులు ఊడ్చే ఖర్చు అద్దెలో కలిసే ఉంటుందని గుర్తు చెయ్యండి. ఇల్లాలి రెక్కలకు మాత్రం వెల లేదని అనుకోవడం ఏం న్యాయం?

వంటింట్లో ఏమేం ఉన్నాయో రాయించి తెప్పించుకోండి. ఒక్క పొయ్యి, రెండు గిన్నెలు పెట్టి వంటిల్లు అనేవాళ్ళూ ఉన్నారు. ఏడు కంచాలు, ఏడు గ్లాసులు, పాలగిన్నె, ఫ్రిజ్జు, పట్టకారు, చాకు ఉంటే చాలు. తాగే నీళ్ళకు వడపోత యంత్రం ఉందా, లేక 20 లీటర్ల క్యాను తెప్పిస్తారా? పట్నంలో మునిసిపల్ నీళ్ళు అన్ని పేటల్లోనూ రోజూ రావు. వాడుకకు బోరు నీళ్ళో, ట్యాంకరు నీళ్ళో ఉంటాయి. వేసవిలో వెళ్తుంటే నీళ్ళకు కరువు లేదు కదా అని ముందే అడగడం మంచిది.

తరవాతది పేట. ఫ్లాటు ఎంత బాగున్నా, చూడవలసిన చోట్లకు దూరంగా ఉంటే లాభం లేదు. ఫ్లాటు తీసుకోవడంలోని సుఖమంతా మధ్యాహ్నం భోజనమయ్యాక పెద్దవాళ్ళు ఓ గంట నడుం వాల్చడంలో ఉంది. అరగంటలో ఇల్లు చేరగలిగితేనే ఆ సుఖం దక్కుతుంది. హైదరాబాదునే తీసుకోండి. మాదాపూరు, గచ్చిబౌలి వైపు కొత్త ఫ్లాట్లు, పెద్దవి, చాలా దొరుకుతాయి. కాని 1591లో కట్టిన చార్మినారు, మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం, జంతు ప్రదర్శనశాల, అన్నీ పాతబస్తీ వైపు. అక్కడి నుంచి చార్మినారుకు ఇరవై కిలోమీటర్ల దాకా ఉంటుంది. రద్దీ వేళ గంటన్నర కార్లోనే గడుస్తుంది. నాంపల్లి, లకడీకాపూల్, ఖైరతాబాద్, అమీర్‌పేట ఈ ప్రాంతాల్లో కొంచెం పాత భవనమైనా నయం. ఇవన్నీ 2017 నవంబరులో మొదలైన మెట్రో రైలు దారిలోనే ఉన్నాయి. మహాత్మాగాంధీ బస్ స్టేషను దగ్గర దిగితే చార్మినారు రెండు మూడు కిలోమీటర్లు, ఆటోలో వెళ్ళిపోవచ్చు. బిర్లా మందిరం, హుస్సేన్‌సాగర్ దగ్గరే. మీరు వీసా పని మీదో, శంషాబాదులో అమ్మాయిని విమానం ఎక్కించడానికో వెళ్తుంటే మాట వేరు. అమెరికా కాన్సులేటు 2023 నుంచి నానక్‌రామ్‌గూడలో ఉంది. అప్పుడు గచ్చిబౌలి వైపే దగ్గర.

రైలు ఏ స్టేషనుకు వెళ్తుందో కూడా టిక్కెట్టు మీద చూసుకోండి. సికింద్రాబాదు, నాంపల్లి, కాచిగూడ, లింగంపల్లి కాక, 2025 జనవరిలో చర్లపల్లి పెద్ద స్టేషను ప్రారంభమైంది. చర్లపల్లి నగరానికి తూర్పున, లింగంపల్లి పడమట. సామానుతో, పెద్దవాళ్ళతో ఈ చివర దిగి ఆ చివరి ఫ్లాటుకు వెళ్ళడం తేలిక కాదు.

ఏ రోజు ఏది చూడాలో కూడా ఇంటి దగ్గరే రాసుకోండి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. జంతు ప్రదర్శనశాలకు సోమవారం సెలవు. గోల్కొండ పైదాకా మూడొందలకు పైగా మెట్లు. పెద్దవాళ్ళు కింద ప్రవేశ ద్వారం దగ్గర చప్పట్లు కొట్టి, పైన బాలాహిస్సారు దాకా ఎలా వినిపిస్తుందో పిల్లలకు చూపించి, అక్కడే కూర్చోవచ్చు.

ఇక వేళలు, డబ్బు. మనవైపు నుంచి వెళ్ళే రాత్రి బళ్ళు తెల్లవారకుండానే చేరుస్తాయి. ఫ్లాట్లు ఇచ్చేది మాత్రం చాలా చోట్ల మధ్యాహ్నం పన్నెండుకో, రెండుకో. ఆ ఆరేడు గంటలు ఏడుగురూ ఎక్కడ కూర్చుంటారు? ముందు రోజు నుంచి అద్దె కట్టాలా, లేక 24 గంటల లెక్కా అన్నది ముందే తేల్చుకోండి. కనీసం సామాను పెట్టుకుని మొహాలు కడుక్కోవడానికి ఒప్పించండి. వెళ్ళే రోజు సంగతి కూడా అంతే. రైలు రాత్రికి, ఇల్లు ఖాళీ చెయ్యవలసింది పొద్దున పదకొండుకు.

అద్దె ఎంత అని కాదు, "అన్నీ కలిపి ఎంత" అని అడగండి. శుభ్రం చేసే రుసుము, కరెంటు, అదనపు పరుపు, కారు నిలిపే చోటు, తిరిగిచ్చే డిపాజిట్టు, పన్ను, అన్నీ వస్తాయి. పన్నులో ఒక మెలిక ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదికి జి.ఎస్.టి. 5 శాతం. అది దాటితే 18 శాతం. ఫ్లాటు మొత్తాన్ని ఒకే యూనిట్టుగా లెక్క కడితే, 7,500కు పన్నుతో 7,875 అవుతుంది. 8,000 ఫ్లాటుకు 9,440 అవుతుంది. అద్దెలో తేడా అయిదొందలే. చెల్లించేదాంట్లో తేడా పదిహేను వందలు దాటింది. ఈ లెక్క తెలిసి బేరమాడితే మీకే లాభం.

బయానా పంపే ముందు జాగ్రత్త. తక్కువ అద్దె చూపించి, "ఇంకొకరు అడుగుతున్నారు, వెంటనే పంపండి" అని తొందరపెట్టేవాళ్ళను నమ్మకండి. చిరునామా పూర్తిగా తీసుకుని, ఆ పేటలో తెలిసినవాళ్ళుంటే ఒకసారి చూసి రమ్మనండి. డబ్బు తిరిగి ఇస్తామంటూ ఫోనులో మీ రహస్య సంఖ్య కొట్టమంటే అది మోసమే. డబ్బు రావడానికి ఆ సంఖ్య అక్కర్లేదు. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చెయ్యండి. గుర్తింపు కార్డు నకళ్ళు అడిగితే ఆధార్‌లో చివరి నాలుగంకెలు మాత్రం కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవచ్చు. అమెరికా నుంచి వచ్చిన మనవలు అక్కడి పౌరులైతే ఆ మాట ముందే చెప్పండి. బస ఇచ్చినవాళ్ళు వాళ్ళ వివరాలు 24 గంటల్లోగా అధికారులకు తెలపాలి.

కొన్ని అపార్టుమెంట్లలో రోజువారీ అద్దెలకు సంఘం వాళ్ళు ఒప్పుకోరు. గేటు దగ్గర కాపలాదారు ఆపేస్తే మీకు చిన్నతనం. "సంఘం అనుమతి ఉందా?" అని ఒక్క ప్రశ్న అడిగితే ఆ బాధ తప్పుతుంది. మన వంతుగా మనమూ రాత్రి పదయ్యాక పిల్లల చేత హాల్లో బంతులాడించకూడదు. తడి చెత్త, పొడి చెత్త వేరు చెయ్యాలి. పక్కింటివాళ్ళకు అది అయిదు రోజుల ఇల్లు కాదు కదండీ.

తాళం చేతికి రాగానే పెట్టెలు విప్పకండి. ముందు ఒక అరగంట ఇల్లు చూడండి. బాల్కనీ కటకటాల మధ్య సందు ఎంత? గ్యాసు ఎక్కడ కట్టెయ్యాలి? తలుపు గడియలు లోపల నుంచి పడుతున్నాయా? అన్ని కుళాయిల్లో నీళ్ళు వస్తున్నాయా? పగిలినవి, విరిగినవి ఉంటే ఫోనుతో ఫొటో తీసి ఇంటివాళ్ళకు అప్పుడే పంపండి. డిపాజిట్టు దగ్గర తగువు ఉండదు. ఫ్లాటు నంబరు, వీధి పేరు రాసిన చీటీ అత్తగారి సంచిలోనూ, అబ్బాయి జేబులోనూ పెట్టండి.

ఇన్ని ప్రశ్నలా అని విసుక్కోకండి. అన్నీ కలిపి రెండు ఫోను కాల్స్ పని. కాని ఆ ఫోను మీరే చెయ్యండి. చాలా ఇళ్ళలో బస మాట్లాడేది మగవాళ్ళు. వాళ్ళు అద్దె అడుగుతారు, కారు ఎక్కడ పెట్టాలో అడుగుతారు. గిన్నెలు ఎవరు తోముతారని అడగాలని వాళ్ళకు తోచదు. తోచకపోవడం వాళ్ళ తప్పని నేననను. ఆ పని రోజూ చేసేవాళ్ళకే ఆ ప్రశ్న తోస్తుంది.

ఏడాదికో, రెండేళ్ళకో వచ్చే అయిదు రోజులు ఇవి. అత్తగారికి కాళ్ళు చాపుకునే చోటు, అమ్మాయికి గడియ వేసుకునే గది, అబ్బాయికి పరుగెత్తే హాలు కావాలని మనం వెతుకుతాం. ఆ జాబితా చివర, మీ పేరు కూడా ఒకటి రాసుకోండి. మీకు పొద్దున తీరిగ్గా తాగే ఒక కప్పు కాఫీ, అందరితో పాటు గడప దాటే వీలు కావాలని. అవి దొరికే ఇల్లే విశాలమైన ఇల్లు.